పింగు వసంతమ్మ

నగరి ఊళ్లో ఎవరైనా తాము ఉన్నచోటు గురించి ఫోన్లో అబద్ధం చెప్పదలిస్తే, ముందు వసంతమ్మ దగ్గర్లో లేదని చూసుకోవాలి. ఇది ఆవిడకు నిన్నమొన్న అబ్బిన విద్య కాదు. బస్టాండు ఎదుట ఎస్టీడీ బూతులో పన్నెండేళ్లు కూర్చుంది. గాజు తలుపు వెనక నిలబడి, "మద్రాసులో ఇరుక్కోని ఉండా, రేపటికి గాని రాలేను" అని ఇంట్లోవాళ్లతో చెప్పి, బయటికొచ్చి ఎదురంగడిలో తీరిగ్గా బజ్జీలు తినే పెద్దమనుషుల్ని చూసింది. "పుత్తూరు దాటేసినా మామా" అని కాబోయే మామకు చెప్పి, అప్పుడే దువ్వెన తీసి తల దువ్వుకునే కుర్రాళ్లను చూసింది. గాజుకు కళ్లే గాని చెవులుండవని వాళ్ల నమ్మకం. వసంతమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ మనిషి తానున్న చోటు చెప్పగానే, ముందు అది నిజం కాదని అనుకుని, ఆ తర్వాత నిజమేమోనని ఆలోచించే అలవాటు ఆవిడకు అక్కడే పడింది.

అంతకుముందే కొంత ఇంట్లో పడింది. ఆవిడ నాయన నేతగాడు. మగ్గం దింపిన ప్రతి పంచెనూ వాకిట్లో రెండు చేతులా ఎత్తి పట్టుకుని, సూర్యుడికి అడ్డంగా పెట్టి చూసేవాడు. పోగు తప్పిన చోట వెలుతురు గీతలాగా కనబడుతుంది. అలా గీత కనబడినప్పుడల్లా ఆయన ముందు నూలును తిట్టేవాడు, తర్వాత నూలు అమ్మినవాణ్ని, ఆ తర్వాత అద్దకంవాణ్ని, గాలిలో తేమను కూడా. చివరికి ఎవరూ మిగలకపోతే తన చేతివంక చూసుకునేవాడు. ఆ చూపు దాకా వచ్చేసరికి సాధారణంగా భోజనానికి పిలుపు వచ్చేది.

ఇప్పుడు వసంతమ్మకు యాభై నాలుగేళ్లు. మగ్గాల విడిభాగాలు అమ్మే అంగడి మేడ మీద, రవిచంద్ర నడిపే నెట్ ఆఫీసులో ఆవిడ ఉద్యోగం. గదిలో ఒక మూల ఇనుప చట్రం, అందులో పెద్ద పెట్టె ఒకటి. పెట్టె ముఖాన కన్నాలు. ఒక్కో కన్నంలోంచి పచ్చటి సన్నతీగ బయల్దేరి, కిటికీ దాటి, స్తంభాల మీదుగా ఒక్కో దిక్కుకు పోతుంది. దిక్కు చివర స్తంభం మీద ఒక చిన్న పెట్టెలో ఇంటికొక పాయగా చీలి, ఇంట్లో గోడకున్న డబ్బాలో చేరుతుంది. తీగలో కరెంటు ఉండదు, వెలుతురు ఉంటుంది. కంటికి కనబడని వెలుతురు. కన్నంలోకి కన్ను పెట్టి చూడకూడదని మొదటి రోజే చెప్పారు. వసంతమ్మ అందుకు కూడా కొన్నాళ్లు అనుమానపడింది, ఏం దాచారో అందులో అని.

ఆవిడ బల్ల మీద తెర ఉంటుంది. తెరలో ఊరు మొత్తం ఇంటిపేర్లతో సహా ఉంటుంది. ఒక పేరు మీద నొక్కితే ఆ ఇంటి డబ్బాకు పరీక్షలు పెట్టే పేజీ తెరుచుకుంటుంది. మొదటిది పింగు. ఇక్కడినుంచి ఆ డబ్బాను 'ఉన్నావా' అని ఒక్క పిలుపు పిలవడం, అది 'ఉన్నా' అని పలకడానికి ఎంతసేపు పట్టిందో చూడటం. ఈ మాట సముద్రం అడుగున పుట్టింది. జలాంతర్గాముల్లో ఉన్నవాళ్లు చీకటి నీళ్లలోకి ఒక చప్పుడు వదిలి, అది దేనికో తగిలి తిరిగి వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లట, శత్రువు ఎంత దూరాన ఉన్నాడో తెలుసుకోవడానికి. అనుమానంలో పుట్టిన మాట కాబట్టే అది అంత దూరం నడిచొచ్చి వసంతమ్మ నోట్లో అంత సుఖంగా కూర్చుంది. "ఉండమ్మా, ఒక పింగు కొట్టి చూస్తా" అని రోజుకు వందసార్లు అంటుంది. ఊరు ఆవిడకు ఆ పేరే పెట్టింది.

రెండో పరీక్ష, ఇంటికి ఎంత వెలుతురు అందుతోందని అడగడం. జవాబు మైనస్ అంకెల్లో వస్తుంది. పంతొమ్మిది, ఇరవై అంటే బాగు. అంకె పెరిగేకొద్దీ చీకటి. ఇరవై ఎనిమిది దాటితే డబ్బాకు చూపు పోయినట్టే, ముఖాన ఎర్రదీపం వెలుగుతుంది.

మూడోది ఆవిడకు ప్రాణం. డబ్బా ఎందుకు ఆగిందని అడగడం. ఇంట్లో కరెంటు తీసేస్తే ఆ డబ్బా ఆరిపోయే లోపల, మిగిలున్న రవ్వంత శక్తితో 'పోతున్నా' అని ఒక కబురు పంపి మరీ పోతుంది. దాన్ని చివరి ఊపిరి అంటారు. బయట తీగ తెగితే ఆ కబురు పంపడానికి కూడా దారి ఉండదు, చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. కనుక చచ్చిన తీరును బట్టి చంపిందెవరో తెలిసిపోతుంది.

ఒకసారి ఏకాంబరకుప్పం నుంచి అక్కమ్మ ఫోన్ చేసింది, గొంతు బాగా పెంచి.

"ఏమమ్మా, నిన్నట్నించీ నెట్టు లేదు. మీరు పట్టించుకునేదే లేదా?"

"అక్కమ్మత్తా, నిన్న సాయంత్రం ఆరూ పదికి మీ డబ్బా స్విచ్చి ఎవురు ఆపినారు?"

"ఎవురూ ఆపలేదే. వైరు యాడో తెగిపోయుంటాది."

"వైరు తెగలేదత్తా. డబ్బా చెప్పి చచ్చింది."

అవతలి గొంతు గుసగుసలోకి దిగింది. "గమ్మునుండవే. కోడలు పక్కనే ఉండాది. నేనే ఆపినా, ఆ సీరియల్ గోల పడలేక. లైను తెగిందని ఆ పిల్లకు ఒక మాట చెప్పు."

"డబ్బా ఏం చెప్పిందో నేను అదే చెప్తా అత్తా. నాకు ఇంకోటి రాదు."

"నీకు మొగుడు ఎట్ల దొరికినాడే" అని అక్కమ్మ ఫోన్ పెట్టేసింది.

మనుషులు చెప్పేదొకటి, డబ్బా చెప్పేదొకటి. వసంతమ్మ జీవితంలో అంతకు మించి వేదాంతం లేదు, పదేళ్లుగా అది ఆవిడను మోసం చేయలేదు కూడా.

ఇక జోయల్. స్తంభాలెక్కే మనిషి అతనే. ముప్పై ఆరేళ్లు. మరమగ్గం దగ్గర పనిచేసి, చెవులు దెబ్బతింటున్నాయని మానేసి ఈ పనిలో చేరి పదకొండేళ్లయింది. భార్య కృపామణి చర్చిలో పాటలు పాడుతుంది, కూతురు స్టెల్లా ఏడో తరగతి. జోయల్‌లో తప్పుపట్టడానికి ఒకే ఒక్కటి ఉండేది. ఎప్పుడు ఫోన్ చేసి యాడుండావంటే "రెండు నిమిషాలక్కా" అంటాడు. ఎక్కడున్నా రెండు నిమిషాలే. వసంతమ్మ అతని మాట వినేది కాదు, అతని వెనకున్న చప్పుడు వినేది. మరమగ్గాల దడదడ వస్తే ఊళ్లోనే ఉన్నాడు. రైలు కూత వస్తే ఏకాంబరకుప్పం స్టేషను దగ్గర టీ తాగుతున్నాడు. ఏ చప్పుడూ లేదంటే చెరుకు తోటల నడుమ సత్రవాడ దారిలో ఉన్నాడు.

ఈసారి ఆయుధపూజ వెళ్లిన మూడో రోజు నుంచి సత్రవాడ ఫోన్లు మొదలయ్యాయి. మొదట ఊరి చివరి ఇళ్లలో ఎర్రదీపాలు వెలిగాయి. తర్వాత వాన పడింది, ఇంకో నాలుగిళ్లు పోయాయి. ఎనిమిది మరమగ్గాలున్న తిరుమలయ్య రోజుకు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఈరోడ్ వ్యాపారులు చీర నమూనాలు పంపేది నెట్లోనే, అది రాకపోతే మగ్గం మీద ఏం నేయాలో తెలియదు. "నేను పక్క కంపెనీకి పోతాండా. వాళ్లు మా వీధిలోనే తీగ లాగతా ఉండారు" అన్నాడు.

ఆ మాట నిజమే. అదే వారం వేరే కంపెనీవాళ్లు సత్రవాడ వీధిలో కొత్త తీగ లాగుతున్నారు. వాళ్లతో కలిసి జోయల్ టీ తాగుతుండగా చూశామని ఇద్దరు ముగ్గురు రవిచంద్ర చెవిన వేశారు. అలాంటి మాట ఇద్దరు చెబితే పుకారు, ముగ్గురు చెబితే సాక్ష్యం అనుకునే వయసు రవిచంద్రది. శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకు వచ్చి నిలబడే చెప్పాడు.

"వసంతక్కా, మనోడే లైను చెడగొట్టి గిరాకీలను వాళ్లకు తోలతా ఉండాడని నా అనుమానం. నువ్వు అన్నీ చూసి సాయంత్రం లోపల నాకు ఒక్క మాట చెప్పు. జోయలే అయితే ఈ పొద్దే నిచ్చెన, బ్యాగు తిరిగిచ్చేసి పొమ్మంటా."

"నా మాట మీదనేనా సార్?"

"నీ మాట కాదక్కా. నీ డబ్బా మాట."

అతను వెళ్లిపోయాక వసంతమ్మ కళ్లద్దాలు తుడుచుకుని తెర ముందు కూర్చుంది. పదకొండేళ్లుగా స్తంభాలెక్కిన మనిషి కిందికి దిగడమో మిగలడమో ఈ సాయంత్రానికి తన నోట్లో ఉంది. నిజం చెప్పాలంటే ఆవిడకు అది బరువుగా అనిపించలేదు. చాలాకాలానికి తగిన పని దొరికినట్టనిపించింది.

సత్రవాడ తీగ పెద్ద పెట్టెలో ఏడో కన్నంది. దాని మీద ముప్పై ఎనిమిది ఇళ్లు. వరుసగా ఒక్కో ఇంటికీ పింగు కొట్టింది. పలికినవి పలికాయి. పలికిన ఒక్కో ఇంటినీ వెలుతురు ఎంతని అడిగింది. మునుపు పంతొమ్మిది ఉన్నది ఇరవై ఐదు, ఇరవై ఉన్నది ఇరవై ఆరు. ప్రతి ఇంట్లోనూ సరిగ్గా ఆరు తగ్గింది, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒక ఇంట్లో ఎలుక కొరికితే ఆ ఇల్లే పోతుంది. ముప్పై ఎనిమిది ఇళ్లలో ఎలుకలు కూడబలుక్కుని సమానంగా కొరకవు. కనుక తీగ పాయలుగా చీలకముందే, మొదట్లోనే ఎక్కడో ఎవరో చెయ్యి పెట్టారు. ఎక్కడ? చీలేచోటు సత్రవాడ స్తంభం మీది పెట్టె. దానికి తాళం. తాళంచెవి జోయల్ మొలతాడుకు ఉంటుంది.

తర్వాత పాత సంగతుల జాబితా తెరిచింది. ఏ డబ్బా ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో తెరలో ప్రతిదీ రాసి ఉంటుంది. మహర్నవమి రోజు, పగలు పదకొండూ నలభై రెండుకు, ముప్పై ఎనిమిది ఇళ్లూ ఒక్కసారిగా మాయం. ఒక్కటి కూడా చివరి ఊపిరి వదల్లేదు. పదకొండూ నలభై నాలుగుకు అన్నీ తిరిగొచ్చాయి, ఆరేసి తగ్గి.

వసంతమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. రెండు నిమిషాలు. గాలికి తీగ తెగితే రెండు నిమిషాల్లో అతుక్కోదు. ఎవరో పీకారు, మళ్లీ పెట్టారు. అది కూడా పండగ రోజు, ఊరంతా మగ్గాలు కడిగి, గంధం పూసి, ఆటోలకు గుమ్మడికాయలు కొట్టే సందట్లో. పూజకు ఎవరు రాలేదు? ఆలోచిస్తే ఆఫీసు పూజలో జోయల్ కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చోడు. అది అందరికీ తెలిసిందే, ఎవరూ తప్పుపట్టింది లేదు. కానీ అనుమానం పట్టినప్పుడు, పదేళ్లుగా తెలిసిన విషయం కూడా కొత్తగా స్నానం చేసి వచ్చి ఎదుట నిలబడుతుంది.

జోయల్‌కు ఫోన్ చేసింది.

"యాడుండావు?"

"సత్రవాడ పోలు మిందక్కా." వెనక ఏ చప్పుడూ లేదు. ఈసారి నిజమే.

"ఏం చేస్తాండావు?"

"మీటరు పెట్టి చూసినా. ఈడికి వచ్చేదే తక్కువగా వస్తా ఉండాది. ఈడ ఏమీ పోలేదు."

"మీటరు నీ చేతిలో ఉండాది, నోరు నీది. నాకేం తెలస్తాది?"

"ఆఫీసు పక్క ఒక్కసారి చూడక్కా."

"ఆఫీసు పక్కకు ఏమొచ్చింది?"

"ఊరికే. ఒక్కసారి."

ఆవిడ అతను లైన్లో ఉండగానే పెద్ద పెట్టె పేరు మీద నొక్కింది. పదేళ్లలో ఇళ్ల డబ్బాలకు లక్షల పరీక్షలు పెట్టి ఉంటుంది, తన పక్కనున్న పెట్టెకు పెట్టింది వేళ్ల మీద లెక్క. ఏడో కన్నం ఎంత వెలుతురు వదులుతోందని అడిగింది. నిండుగా వదులుతున్నానని జవాబు వచ్చింది.

"నా తావ బాగానే ఉండాది. నిండుగా పోతా ఉండాది. పెట్టె చెప్తాండాది."

జోయల్ వెంటనే మాట్లాడలేదు. తీగ మీద కాకి అరిచింది. "సరే అక్కా" అన్నాడు.

ఆ ఆగడం వసంతమ్మకు నచ్చలేదు. నిజం చెప్పేవాడు వాదిస్తాడు. దొరికినవాడు సరే అంటాడు. పన్నెండేళ్ల గాజు తలుపు అనుభవం అది.

ఫోన్లో రవిచంద్రకు సందేశం టైపు చేసింది. 'సార్, స్తంభం పెట్టెలో పీకినారు. నవమి రోజు 11.42. తాళంచెవి జోయల్ దగ్గర.' పంపే గుర్తు మీద వేలు పెట్టి ఆగింది. జాలితో కాదు. ఒక్క కొస మిగిలిపోయింది. ఆ రోజు పదకొండూ నలభై రెండుకు అతను ఎక్కడున్నాడో అతని నోటితోనే చెప్పించి, ఆ అబద్ధాన్ని కూడా సందేశంలో చేర్చాలి. అప్పుడు నేతకు అంచు కుదురుతుంది.

"మూడు గంటలకు ఆఫీసుకు రా" అని కబురు పెట్టింది.

అతను వచ్చేసరికి చినుకులు పడుతున్నాయి. బురద బూట్లతో గడప అవతలే నిలబడ్డాడు. మెట్ల మీద నీళ్లు కారుతున్నాయి.

"లోపలికి రా."

"బురదక్కా. ఈణ్నించే చెప్పు."

"నవమి రోజు పదకొండు ముప్పావుకు నువ్వు యాడుండావు?"

ఆమె ఎదురుచూసింది 'సత్రవాడ దారిలో' అనో, 'రెండు నిమిషాల దూరంలో' అనో. అతను తల గోక్కున్నాడు.

"ఈడనే ఉండా."

"ఈడంటే?"

"ఈడనే అక్కా, ఈ గడప తావనే. నువ్వే కదా ఫోన్ చేసినావు, గుగ్గిళ్లు మిగిలినాయి, స్టెల్లాకు ఇష్టం, వొచ్చి తీసకపో అని. టిఫిన్ డబ్బా తెచ్చినా."

వసంతమ్మ ఫోన్లో ఆనాటి పిలుపులు వెతికింది. పదకొండూ ముప్పై ఒకటి, జోయల్. పిలిచింది తనే. గుగ్గిళ్ల సంగతి కూడా గుర్తొచ్చింది, కొబ్బరి ఎక్కువ వేసింది ఆ పిల్ల కోసమే.

"వొచ్చినావు, సరే. ఎంతసేపు ఉండావు?"

"నువ్వు చేతులు కడుక్కోని వచ్చేదాకా."

"చేతులు ఏమిటికి కడుక్కున్నా?"

అతను నేలవంక చూశాడు, కిటికీవంక చూశాడు, గోడమీది క్యాలెండరువంక చూశాడు. గదిలో ఉన్న ప్రతిదాన్నీ చూసి ఒక్కదాన్ని మాత్రం చూడలేదు. వసంతమ్మ జీవితమంతా మనుషులు చూడకుండా తప్పించుకునేది ఏదో పట్టుకున్న మనిషి. తల తిప్పింది.

పెద్ద పెట్టె ముఖాన నామం ఉంది. ఎనిమిది రోజులుగా అక్కడే ఉంది. అటూ ఇటూ రెండు గంధపు గీతలు, నడుమ ఎర్రగీత. చక్కటి నామం. తిరుమల చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు నామం వంకర పోతే మనసుకు పట్టదు, కారు అద్దం మీదైనా బీరువా తలుపు మీదైనా నిలువుగా తీర్చాల్సిందే. ఆ ఎర్రగీత సరిగ్గా ఏడో కన్నం మీదుగా దిగింది.

తీగ అక్కడ ఉండగా గీత ఎలా దిగుతుంది?

అప్పుడు గుర్తొచ్చింది, చేతులకు ముందు, తలకు తర్వాత. ఎడమ చేతిలో గంధం గిన్నె. కుడి చేతి ఉంగరపు వేలికి కుంకుమ. నడుమ అడ్డంగా పచ్చతీగ వేలాడుతోంది. రెండు వేళ్లతో పట్టి పీకింది, గీత దించింది, తీగ ముక్కుకు అంటిన తడిని పైటకొంగుతో తుడిచి, మళ్లీ దూర్చింది. దూర్చి, వెనక్కి జరిగి, ఫోటో తీసింది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. ఆ ఫోటో వెతికితే పదకొండూ నలభై ఐదు అని ఉంది, కింద జ్ఞానాంబ అనే స్నేహితురాలు పంపిన రెండు చేతులు జోడించిన బొమ్మ ఉంది.

పెట్టె అబద్ధం చెప్పలేదు. నిండుగానే వదులుతోంది. వదిలినది తీగలోకి దూరే చోట, వెంట్రుకంత సందులో, ఎండిన గంధం పొర అడ్డం కూర్చుంది. పెట్టె తన లోపలి సంగతి చెప్పింది, గడప దాటాక ఏమైందో దానికి తెలియదు. పదేళ్లు వేలమంది డబ్బాల్ని గుచ్చి గుచ్చి అడిగిన మనిషికి, తను అడిగిన ప్రశ్నకే అది జవాబు చెబుతుందన్న సంగతి ఈరోజు కొత్తగా తెలిసింది.

"నేను పీకింది నువ్వు చూసినావా?"

"చూసినా."

"చూసి?"

"అప్పుడేం అనుకోలేదక్కా. మొన్న పోలుకాడ మీటరు చూసినాక అర్థమైంది."

"మొన్న అర్థమైతే ఈ పొద్దు దాకా ఏం చేస్తాండావు? నీ పని పోతా ఉండాది, తెలుసునా నీకు?"

"తెలుసు. పొద్దన సార్ నా ఫోను ఎత్తలేదు."

"మరి నోరు ఏమైంది?"

జోయల్ బూటుతో బూటుకున్న బురద గీకాడు. "ఆఫీసు పక్క చూడమన్నా కదక్కా."

"అది చెప్పడమా? నామం పెట్టేటప్పుడు వైరు పీకినావక్కా, అని చెప్పాల."

"నేను చెప్తే వసంతక్క వైరు పీకిందని ఎవురూ అనరు. నామం పెడితే లైను పోయిందని జోయల్ అన్నాడంటారు. సాయంత్రానికి అది ఇంకోటి అయితాది." అతను గొంతు పెంచలేదు. "సత్రవాడలో ముప్పై ఎనిమిది ఇండ్లు. సగం ఇండ్లలో డబ్బా దేవుని గూడు పక్కనే ఉండాది, ఆడ స్విచ్చి ఉంటాది కాబట్టి. నేను చెప్పులిడిచి లోపలికి పోవాల, గూటి పక్కన చెయ్యి పెట్టాల. ఇన్నేండ్లు ఎవురూ ఏమీ అనలేదు. ఒక్కసారి ఎవురైనా 'నువ్వు బయట ఉండప్పా' అంటే, ఇంక నాకు ఈ పని ఉండి ఏమి, పోయి ఏమి."

వాన పెరిగింది. కింద అంగడిలో ఎవరో ఇనుప సామాను దించుతున్నారు. వసంతమ్మ ఫోన్లో పంపకుండా ఉంచిన సందేశాన్ని మళ్లీ తెరిచి చూసుకుంది. తుడిపేసింది.

"వొచ్చి పీకు, తుడువు."

"నువ్వే పీకక్కా. నేను దాన్ని ముట్టుకోను."

అతని సంచిలో తీగ ముక్కు తుడిచే కలంలాంటిది ఉంటుంది, నొక్కితే టిక్కుమంటుంది. గడప అవతలి నుంచి చెయ్యి చాపి అందించాడు. వసంతమ్మ ఏడో తీగ పీకింది. సత్రవాడలో ముప్పై ఎనిమిది ఇళ్లు మాయమయ్యాయి. బల్లమీది ఫోన్ వెంటనే మోగింది, తిరుమలయ్యే అయ్యుంటాడు. మోగనిచ్చింది. తీగ ముక్కు మీద నలకంత పసుపు రంగు మచ్చ, అంచున ఎర్రగా. టిక్కుమనిపించింది. కన్నంలోనూ టిక్కుమనిపించింది, అతను చెప్పినట్టు మూడుసార్లు. మళ్లీ దూర్చేటప్పుడు బొటనవేలు తగిలి ఎర్రగీత నడుమ కొంచెం చెరిగింది. దాన్ని సరిచేయలేదు.

తెర ముందుకొచ్చి తిరుమలయ్య ఇంటి వెలుతురు అడిగింది. ఇరవై ఒకటిన్నర. చివరి ఇల్లు అడిగింది. ఇరవై రెండు. పింగు కొట్టింది. అన్నీ పలికాయి.

"సార్‌కు దుమ్ము అని చెప్పక్కా" అన్నాడు జోయల్. "దుమ్మే కదా, గంధం ఎండితే."

ఆవిడ అతనివంక ఎగాదిగా చూసింది. ఇలా సలహా చెప్పేవాళ్లను నమ్మకూడదని పాత అలవాటు లోపల మొరిగింది. అక్కమ్మ గుసగుస కూడా చెవిలో పడింది, గమ్మునుండవే అని.

నాలుగున్నరకు రవిచంద్ర తడిసిన తలతో మెట్లెక్కి వచ్చాడు. తిరుమలయ్య అప్పటికే ఫోన్ చేసి, నెట్ వచ్చిందని చెప్పినట్టున్నాడు.

"వచ్చిందంట కదా. ఏమిటికి పోయింది? ఎవురు?"

"నేను."

"నువ్వంటే?"

"నామం పెట్టేదానికి వైరు పీకినా. గంధం చేత్తో మళ్లా పెట్టినా. ముక్కుకు అంటుకోనింది. పెట్టె బాగుండాదని చూపించింది, నేను నమ్మినా." ఆవిడ తెరను అతనివైపు తిప్పింది. చెడిపోవడానికి కారణం రాసే గడిలో రెండే మాటలున్నాయి. 'గంధం. వసంత.'

రవిచంద్ర ఆ గడినీ, పెట్టె ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. నవ్వాలో కోప్పడాలో తేలక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇది ఎవురికీ చెప్పొద్దులేక్కా. తిరుమలయ్యకు ఎలుక అని చెప్తాం."

"మీరు ఏమన్నా చెప్పుకోండి సార్. రాసింది తుడిపేదానికి తెరలో బటను లేదు."

అది నిజమో కాదో రవిచంద్రకు తెలియదు. వసంతమ్మకు తెలుసు.

"మరి జోయల్ ఆ కంపెనీ వాళ్లతో టీ తాగింది?"

"టీ తాగినాడు. టీ తాగితే వెలుతురు ఆరు తగ్గదు సార్." అక్కడితో ఆగలేదు ఆవిడ. "మొన్ననే తెలుసు అతనికి. చెప్పకుండా పోల్లెక్కి దిగతా ఉండాడు, నామం మాట తన నోట రాకూడదని. నిచ్చెన, బ్యాగు అతని తావనే ఉండనీండి."

రవిచంద్ర తల తుడుచుకున్నాడు. "సరే" అన్నాడు చివరికి. "సోమవారం నుంచి ఏకాంబరకుప్పం కొత్త లైను కూడా అతన్నే చూసుకోమను."

ఆ ఏడాదే కాదు, ఇక ఎప్పుడూ పెట్టె ముఖాన గీత దిగలేదు. నామం చట్రం పైభాగానికి, ఏ కన్నమూ లేని చోటికి మారింది. రోజూ పొద్దున తెర తెరవగానే వసంతమ్మ మొదటి పింగు ఇంకెవరికీ కాదు, తన పక్కనున్న పెట్టెకే. అది బాగున్నానన్నా లేచి వెళ్లి, కళ్లద్దాలు సరిచేసుకుని, తీగలన్నీ ముట్టకుండా చూసి వస్తుంది. నాయన పంచెను ఎత్తిపట్టి చూసిన చూపే అది, కాకపోతే వరుస తిరగబడింది.

అనుమానం మాత్రం పోలేదు. అంత తేలిగ్గా పోయే వస్తువైతే అది ముప్పై ఏళ్లు ఆవిడ దగ్గర ఉండేది కాదు. జోయల్ చెప్పిన కారణం నిజమే, ఆవిడ నమ్మింది. కానీ మనసులో ఒక మూల, అక్క అందరినీ పట్టుకుంటుంది కదా, ఈసారి తనను తాను పట్టుకునేదాకా చూద్దాం అని అతను రవ్వంత సరదాగా కూడా ఊరుకుని ఉంటాడేమో. అడిగితే చెప్పడు. అడగడానికి తెరలో పరీక్షా లేదు.

ఆ సోమవారం సాయంత్రం అతనికి ఫోన్ చేసింది.

"యాడుండావు?"

"రెండు నిమిషాలక్కా. సత్రవాడ దాటినా."

వెనక రైలు కూత వినబడింది. దానితోబాటు గాజు గ్లాసులు తగిలిన చప్పుడు, ఎవరిదో కొత్త గొంతు, నవ్వు.

వసంతమ్మ కాసేపు విన్నది.

"సరే. టీ చల్లారిపోతాది, తాగి రా" అని ఫోన్ పెట్టేసింది.